హాపాల్లో మండపీత పిల్లల పెంపకం: నాగాయలంక దగ్గర ఒక చెరువు కేస్ స్టడీ

మండపీతల సాగులో దెబ్బ ఎక్కడ తగులుతుందని అడిగితే చాలామంది రైతులు మేత ఖర్చు అంటారు, లేదంటే కొనేవాళ్ళు ఇచ్చే రేటు అంటారు. నేను చూసినంతలో అసలు దెబ్బ మొదటి నలభై రోజుల్లోనే తగులుతుంది. కాకపోతే అది ఎవరి కంటా పడదు. చేప చస్తే తేలుతుంది, రొయ్య చస్తే మేత తింటున్నాయో లేదో చూసుకునే చెక్ ట్రేలో కనపడుతుంది. పీత పిల్ల చావడమంటే చాలాసార్లు పక్క పిల్ల కడుపులోకి పోవడమే. ఆరు నెలలు మేత వేసి, పట్టుబడికి దిగాక వందకు పదో పదిహేనో చేతికొస్తే, సీడ్ (తెచ్చిన పిల్లలు) మంచిది కాదని తేల్చేసి ఆ సాగే మానుకుంటారు.

ఈ కేసు ఆ నలభై రోజులు పిల్లల్ని హాపాల్లో, అంటే చెరువు నీళ్ళలోనే కట్టిన వల తొట్టెల్లో, పెంచడం గురించి. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో ఎకరం చెరువు. అంతకుముందు వనామీ రొయ్య వేసేవారు. రెండు పంటలు వరసగా వైట్ స్పాట్ అనే వైరస్ తెగులుతో పోవడంతో ఖాళీగా వదిలేశారు. రైతు రొయ్యల్లో తల పండినవారే గానీ పీతలకు కొత్త. సాంకేతిక సలహా నాది, చెరువు మీద పని అంతా ఆయనదీ, కాపలా ఉండే పెద్దాయనదీ.

సీడ్ ఎక్కడిది

మా వైపు పీత సాగంటే మొన్నమొన్నటి దాకా పాయల్లో పట్టిన పిల్లలే. ఎదురుమొండి, నాచుగుంట, సొర్లగొంది వైపు మడ అడవుల్లో వలకు పడిన చిన్న పీతల్ని తెచ్చి చెరువులో వదిలేవారు. అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, సైజు కలగాపులగం. పెద్దవి చిన్నవాటిని మొదటి వారంలోనే సగం చేస్తాయి. రెండు, జాతి కలగాపులగం. మన దగ్గర ప్రధానంగా రెండు జాతులు. స్కిల్లా సెర్రేటా పచ్చగా ఉంటుంది, కిలో దాటి పెరుగుతుంది. స్కిల్లా ఒలివేసియా ఎర్రటి గోధుమ రంగులో ఉండి చిన్న సైజులోనే ఆగిపోతుంది. పెద్ద డెక్క (కరిచే కాలు) మణికట్టు బయటి వైపు చూడండి. సెర్రేటాకు రెండు వాడి ముళ్ళుంటాయి, కాళ్ళన్నిటి మీదా వల అల్లినట్టు గీతలుంటాయి. ఒలివేసియాకు ఒక మొద్దు ముల్లు ఉంటే ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. ఏటి పిల్లల్లో ఈ రెండూ కలిసి వస్తే మేత ఒకే రకంగా తింటాయి, బరువు మాత్రం ఒకే రకంగా రాదు.

అవన్నీ ఒక ఎత్తయితే, మడ అడవిలో పెరగాల్సిన పిల్లల్ని ఇలా ఏరుకుంటూ పోతే రేపు ఏట్లో తల్లి పీతలు ఎక్కడి నుంచి వస్తాయి అన్న భయం నాకు చాలాకాలంగా ఉంది. అందుకే రైతు ఫోన్ చేసినప్పుడు హేచరీలో గుడ్లు పొదిగించి తీసిన సీడ్ అయితేనే వస్తానని చెప్పాను.

హేచరీ సీడ్‌కు తమిళనాడులో శీర్కాళి దగ్గర తొడువాయిలో, ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ) కింద పనిచేసే రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వారి హేచరీ ఉంది. ఒక తల్లి పీత లక్షల్లో గుడ్లు మోస్తుంది. అవి పొదిగాక జోయియా అనే దశలు ఐదు, ఆ తర్వాత మెగలోపా, అప్పుడు మొదటి పీత రూపం. అక్కడి దాకా వచ్చేసరికి సుమారు నెల రోజులు పడుతుంది, వందలో కొద్దివే మిగులుతాయి. అంత కష్టపడి తీసిన ఆ పిల్ల అగ్గిపుల్ల తలంత ఉంటుంది. వెడల్పు మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాన్ని తెచ్చి నేరుగా ఎకరం చెరువులో గుమ్మరిస్తే మనం మేత వేసేది దేనికో, తింటున్నది ఏదో తెలియదు. మధ్యలో నర్సరీ దశ పెట్టాలి. మేం ఎంచుకున్న పద్ధతి చెరువులోనే హాపాలు కట్టడం.

చెరువు, నీళ్ళు

జనవరిలో చెరువు ఎండగట్టి, మట్టి పగుళ్ళిచ్చాక సున్నం చల్లారు. ఎండని గుంటల్లో మిగిలిన చేపల కోసం టీ సీడ్ కేక్ వాడాం. అందులోని సాపోనిన్ చేపల్ని చంపుతుంది, పీత రొయ్య జాతిని పెద్దగా ఏమీ చేయదు. తూము దగ్గర సన్నకన్ను వల సంచి కట్టి పోటు నీళ్ళు తీసుకున్నాం. గట్టు చుట్టూ వల దడి కట్టి, పై అంచున జారిపోయే ప్లాస్టిక్ పట్టీని లోపలికి వంచి కుట్టించాం. పిల్లలు హాపాల్లో ఉన్నన్నాళ్ళు దడి అక్కర్లేదు గానీ, తర్వాత కడదామంటే ఎవరూ కట్టరు. పీతకు వైట్ స్పాట్ సోకినా చాలాసార్లు చావదు, వైరస్‌ను మోస్తూ తిరుగుతుంది. పక్కన రొయ్యల చెరువులున్నాయి కాబట్టి మన మురుగు నీరు వాళ్ళ కాలువలో కలవకుండా వేరే దారి పెట్టాం. ఇది పక్క రైతుతో తగువు రాకుండా ఉండడానికి మాత్రమే కాదు, మన పీతకు కూడా మంచిదే.

నీటి విషయంలో ఒక మాట వివరంగా చెప్పాలి. మండపీత 5 పీపీటీ (లీటరు నీళ్ళలో సుమారు 5 గ్రాముల ఉప్పు) ఉప్పదనంలోనూ బతుకుతుంది, 35లోనూ బతుకుతుంది. హాయిగా పెరిగేది 10 నుంచి 25 మధ్యలో. దీన్ని పట్టుకుని సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళల్లో కూడా ఉప్పు బోరు నీళ్ళతో పీత వేద్దామని అడుగుతున్నారు. పీపీటీ ఒక్కటే చూస్తే సరిపోదు. 35 పీపీటీ సముద్రపు నీళ్ళలో లీటరుకు కాల్షియం సుమారు 400 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 1,300కు దగ్గర, పొటాషియం 400కు దగ్గర ఉంటాయి. పోటు నీళ్ళు పలచబడి 15 పీపీటీకి వచ్చినా ఈ నిష్పత్తి పెద్దగా చెడదు. పొటాషియం 170 దాకా ఉంటుంది. బోరు నీళ్ళు అదే 15 పీపీటీ చూపించినా పొటాషియం అందులో నాలుగో వంతు కూడా ఉండకపోవచ్చు. అలాంటి నీళ్ళలో పిల్ల పెంకు విడవగానే నీరసించి పడిపోతుంది. మనం రోగం అనుకుంటాం.

ఈ చెరువు పక్కనే బోరు ఉంది. నీటిమట్టం తగ్గినప్పుడల్లా దాన్నే వేసుకుందామని రైతు ఆలోచన. ల్యాబ్‌లో చూపిస్తే పొటాషియం బాగా తక్కువ వచ్చింది. కలిపి సరిచేయొచ్చు, కానీ లెక్క చూడండి. ఎకరం చెరువులో మీటరు లోతుకు సుమారు 4,000 ఘనపు మీటర్ల నీళ్ళు. పొటాషియం లీటరుకు పది మిల్లీగ్రాములు పెంచాలంటే 40 కిలోల పొటాషియం కావాలి, అంటే సగమే పొటాషియం ఉండే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎరువు 80 కిలోలు. వంద పెంచాలంటే 800 కిలోలు. ఇది విన్నాక ఆయనే, "వద్దండీ, పోటు కోసం ఆగుదాం" అన్నారు. పోటు అందని ఊళ్ళవాళ్ళు మాత్రం ఈ లెక్క వేసుకునే దిగాలి.

పిల్లలు దిగిన రోజు

ఫిబ్రవరి మొదట్లో ఆక్సిజన్ సంచుల్లో పిల్లలు వచ్చాయి. ప్రతి సంచిలో చిన్న వల ముక్క వేసి పంపారు, పిల్లలు దాన్ని పట్టుకుని ప్రయాణం చేస్తాయి. సంచిలో వల లేకపోతే అడుగున ఒకదాని మీద ఒకటి పడి కాళ్ళు తెంపుకుంటాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే మన చెరువు ఉప్పదనం చెబితే అక్కడే మెల్లగా దించి పంపుతారు. ఈ పిల్లలు 20 పీపీటీలో వచ్చాయి, మా చెరువు 16. సంచులు అరగంట పైగా నీళ్ళ మీద తేలనిచ్చి, మూతి విప్పి మగ్గుతో చెరువు నీళ్ళు కొంచెం కొంచెంగా కలిపాం. చీకటి పడే వేళకు గానీ వదల్లేదు.

సీడ్ బాగుందో లేదో చూడడానికి నేను చేసేది ఒక్కటే. నాలుగు పిల్లల్ని తడి అరచేతిలో వేసుకుంటాను. మంచి పిల్ల అరచేతిలో ఆగదు, అడ్డంగా పరిగెత్తి వేళ్ళ సందులోకి దూరుతుంది. కాళ్ళు ముడుచుకుని ఉండిపోతే ఆ సంచికి ఇంకాస్త టైమ్ ఇస్తాను.

హాపాలు ఆరు. ఒక్కొక్కటి 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. దోమతెర కన్నంత సన్నటి నైలాన్. అడుగు భాగం బురదకు ఆనకుండా జానెడు ఎత్తులో కట్టాం. చదరపు మీటరుకు 40 చొప్పున హాపాకు 800, మొత్తం 4,800 పిల్లలు.

దాక్కునే చోటు

ఇక్కడే నాకూ రైతుకూ వాదన వచ్చింది. నేను ప్రతి హాపాలోనూ పాత వలల ముక్కలు కట్టలు కట్టి వేలాడదీయించాను. అడుగున సరుగుడు కొమ్మలు, తాటాకు చీలికలు, కోసిన పీవీసీ పైపు ముక్కలు వేయించాను. హాపా అడుగు సగానికి పైగా కప్పుకుపోయింది. ఆయనకు చిరాకేసింది. రొయ్యల చెరువు శుభ్రంగా పెట్టుకునే అలవాటున్న మనిషి.

"ఏవండీ, ఇంత చెత్త వేస్తే రేపు పిల్లల్ని ఏరేదెలా?"

"ఏరడానికి పిల్లలు మిగలాలి కదండీ," అన్నాను.

కాసేపు మాట్లాడుకున్నాక నాలుగు హాపాల్లో నేను చెప్పినట్టు, రెండింట్లో ఆయన చెప్పినట్టు పలచగా వేద్దామని ఒప్పుకున్నాం. మేత, నీళ్ళు, పిల్లల సంఖ్య అన్నీ సమానమే.

దాక్కునే చోటు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే పిల్ల పెంకు విడవడం ఒక్కసారి దగ్గరగా చూడాలి. రైతుకూ పెద్దాయనకూ చూపించడానికి ఒక పిల్లను తెల్ల బేసిన్‌లో పెట్టాను. ముందు అది తినడం మానేసి ఒక మూల కదలకుండా నిలబడింది. తర్వాత డొప్ప వెనక అంచు, పొట్ట కలిసే చోట, సన్నగా విచ్చుకుంది. ఆ చీలికలోంచి పీత వెనక్కి వెనక్కి జరుగుతూ బయటికొచ్చింది. నడుము, వెనక కాళ్ళు ముందు వచ్చాయి. డెక్కలు చివరికి. అంత లావు డెక్క ఆ సన్నటి కీళ్ళ సందులోంచి జారి రావడం పెద్దాయన నోరు తెరుచుకుని చూశారు. బయటికొచ్చిన పిల్ల నీళ్ళు తాగి ఉబ్బింది, చూస్తుండగానే విడిచిన డొప్ప కన్నా వెడల్పయింది. వేలితో తాకితే మెత్తగా లోపలికి పోతోంది. డెక్క ఉంది గానీ దాంతో కరవలేదు.

అప్పుడు పక్కన ఇంకో రెండు పిల్లలు బేసిన్‌లో వదిలాం. అవి కాసేపు అటూ ఇటూ తిరిగి నేరుగా దాని మీదికే వచ్చాయి. రైతు గబుక్కున చేయి పెట్టి మెత్త పిల్లను పక్కకు తీశారు. వాసనతోనే పట్టేస్తాయి. ఈ సైజులో నాలుగైదు రోజులకోసారి పెంకు విడుస్తాయి. పెరిగే కొద్దీ ఆ గడువు పది రోజులు, ఆ పైకి పోతుంది. అంటే నర్సరీలో ప్రతి పిల్లా ఐదారుసార్లు ఇలా నిస్సహాయంగా నిలబడాలి. ప్రతిసారీ దానికి దూరడానికి ఒక సందు ఉండాలి, ఆ సందు పక్క పిల్లకు కనపడకూడదు.

విడిచిన డొప్పలు చెక్ ట్రేలో కనపడితే పిల్లలు చస్తున్నాయని కంగారుపడే రైతులు చాలామంది. చేతిలోకి తీసుకుని చూడండి. వెనక తలుపు తెరిచినట్టుంటుంది, లోపల ఖాళీ, వెలుతురుకు పెడితే అవతలికి కనపడుతుంది. అలాంటివి ఎక్కువగా కనపడుతున్నాయంటే మంచి కబురే. కొన్ని పిల్లలు ఆ డొప్పనే తినేస్తాయి, కాల్షియం కోసం. అందుకని వాటిని ఏరి పారేయొద్దు.

మేత

మొదటి రెండు వారాలు ఉడికించిన రొయ్యపొట్టు, ఆల్చిప్ప మాంసం మెత్తగా నూరి వేశాం. ఆ తర్వాత తిలాపియాను సన్నగా తరిగి. పచ్చి రొయ్య తుక్కు వేస్తే వైట్ స్పాట్‌ను చేతులారా తెచ్చుకున్నట్టే కాబట్టి ఉడికించడం తప్పనిసరి. రోజుకు మూడుసార్లు, మొత్తం మేతలో సగం చీకటి పడ్డాక. మండపీత రాత్రి జీవి, పొద్దున్న వేసిన మేత సగం కుళ్ళడానికే పనికొస్తుంది. ఎంత వేయాలో చెక్ ట్రే చెబుతుంది. రెండు గంటల తర్వాత ట్రేలో మేత మిగిలితే మర్నాడు తగ్గించాలి, తుడిచిపెట్టినట్టుంటే పెంచాలి. ఆకలితో ఉన్న పిల్ల పక్కదాన్ని వెతుకుతుంది కాబట్టి ఈ వయసులో మేత దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఫిబ్రవరి తెల్లవారుజాముల్లో నీళ్ళు 24 డిగ్రీలకు దిగేవి. ఆ రోజుల్లో మేత తగ్గింది, పెంకు విడవడం కూడా వెనకబడింది. టెన్షన్ పడాల్సిన పనేమీ లేదు, ఎండలు ముదిరాక అదే సర్దుకుంది. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది హాపా గుడ్డ మీద. నాచు పట్టి కన్నాలు మూసుకుపోతే లోపల నీళ్ళు కదలవు, ఆక్సిజన్ పడిపోతుంది. పెద్దాయన రోజు విడిచి రోజు బయటి నుంచి మెత్తటి బ్రష్‌తో రుద్దేవారు.

గ్రేడింగ్

రెండు వారాలు నిండే సరికి ఒకే రోజు వచ్చిన పిల్లల్లో కొన్ని ఆరు మిల్లీమీటర్లు, కొన్ని పన్నెండు. పెద్దవాటిని తీయకపోతే చిన్నవి వాటికి మేతే. తెల్లవారాక ఎండ ఎక్కకముందే, గట్టు మీద తాటాకు నీడలో గ్రేడింగ్ మొదలుపెట్టాం.

రైతు అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు దొరికింది. పిల్లల్ని ఏరక్కర్లేదు. వల కట్టను కింద బేసిన్ పట్టుకుని మెల్లగా పైకి ఎత్తితే పిల్లలు దాన్ని అంటిపెట్టుకునే వస్తాయి. బేసిన్‌లో జాడిస్తే రాలతాయి. మెత్తగా ఉన్నవాటిని తాకకుండా, అవి దాక్కున్న పైపు ముక్కతో సహా ఎత్తి వేరే గంపలో పెట్టి మళ్ళీ నీళ్ళలోకే పంపాం. మిగతావాటిని పెద్ద, మధ్య, చిన్న అని మూడుగా విడదీశాం. అప్పుడు ఖాళీ హాపా లేకపోవడం పెద్ద ఇబ్బంది అయింది. ఒక హాపాను ఖాళీ చేసి కడిగి సర్దేసరికి పొద్దెక్కింది.

మొదటి గ్రేడింగ్‌లోనే తేడా కంటికి కనపడింది. పలచగా వేసిన రెండు హాపాల్లో పిల్లలు తక్కువ, ఉన్నవాటిలో డెక్క తెగినవి, కాలు లేనివి ఎక్కువ. తెగిన కాలు తర్వాతి పెంకుల్లో మళ్ళీ వస్తుంది, కానీ ఆ శక్తి అంతా కాలుకే పోతుంది, ఒళ్ళు పెరగదు. ఆ రోజే రైతు మనిషిని పంపి సరుగుడు కొమ్మలు తెప్పించి ఆ రెండింట్లోనూ నింపేశారు.

నలభై రోజులు గడిచేసరికి పిల్లలు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల వెడల్పుకు వచ్చాయి. మొదటి నుంచీ దట్టంగా వేసిన నాలుగు హాపాల పిల్లలు వందకు 65 దాకా నిలబడ్డాయి. ఆ రెండింటివి వందకు 35. గ్రేడింగ్‌లో సైజును బట్టి హాపాలు మారినా, మొదటి నాలుగింటి పిల్లల్నీ చివరి రెండింటి పిల్లల్నీ ఎక్కడా కలపలేదు కాబట్టి ఈ లెక్క నమ్మొచ్చు. అంతా కలిపి 2,600 పై చిలుకు. నేలనూ నీళ్ళనూ మేతనూ మార్చకుండా, కొమ్మలూ చిరిగిన వలలూ తెచ్చిపెట్టిన తేడా ఇది. వీటికి అయిన ఖర్చు రైతు లెక్కల పుస్తకంలో ఒక వరస కూడా పట్టలేదు.

చెరువులోకి

మార్చి మధ్యలో 2,000 పిల్లల్ని ఎకరంలోకి వదిలాం, రెండు చదరపు మీటర్లకు ఒకటి చొప్పున. మిగిలినవి పక్క ఊరి రైతు తీసుకున్నారు. వాటిని ఆక్సిజన్ సంచులు లేకుండా, తడి గోనె పరిచిన ట్రేలలో తెల్లవారుజామున పంపాం. ఈ సైజు పిల్ల ఒళ్ళు తడిగా, చల్లగా ఉంటే నీళ్ళు లేకపోయినా కొన్ని గంటలు బాగానే ఉంటుంది.

మే నెలలో ఉప్పదనం 30 దాటింది. చెరువు లోతు పెంచి, మధ్యలో తాటాకు నీడ వేశాం. చెరువులో కూడా బంగాళా పెంకులు, పెద్ద పైపు ముక్కలు వేయించాం. జూలై చివరి నుంచి ఉచ్చులు పెట్టి పెద్దవి పెద్దవి ఏరుతూ వచ్చాం. ఒకేసారి చెరువు తోడేయలేదు. పట్టిన ప్రతి పీతనూ రొమ్ము దగ్గర, వెనక కాలు మొదట్లో వేలితో నొక్కి చూడాలి. గట్టిగా ఉంటే కండ నిండింది, నొక్కుకుపోతే నీటి పీత. నీటి పీతను అమ్మితే సగం ధర కూడా రాదు, మళ్ళీ చెరువులోకే వదలడం మేలు.

దాదాపు సగం పీతలు చేతికొచ్చాయి, సగటున అర కిలో పైనే. మొత్తం అర టన్ను దాటింది. డెక్కలు తాడుతో కట్టి, బతికున్నవే చెన్నై మీదుగా సింగపూర్ వైపు ఎగుమతి చేసే వ్యాపారి ఏజెంటుకు ఇచ్చారు. రేటు సైజును బట్టి, సీజన్‌ను బట్టి వారం వారం మారుతుంది కాబట్టి రూపాయల లెక్క ఇక్కడ రాయడం లేదు. ఎగుమతి ఆగితే ఈ పంట ఏమవుతుందో 2020 మొదట్లో చైనా కొనుగోళ్ళు నిలిచిపోయినప్పుడు తీరమంతా చూసింది. అందుకే ఆయనకు మొత్తం చెరువులన్నీ పీతకు మార్చమని చెప్పలేదు.

రెండో పంటకు ఆయన పది హాపాలు కట్టించారు. నాలుగింటిని గ్రేడింగ్ కోసమే ఖాళీగా ఉంచారు. సీడ్ ఆర్డర్ ఇవ్వకముందే మోపుల కొద్దీ సరుగుడు కొమ్మలు, జాలర్ల దగ్గర కొన్న పాత వలలు షెడ్డులోకి చేరాయి.